థర్మామీటరుకు కుంకుమ బొట్టు

నాకు చిన్నప్పటి నుంచి రోత ఎక్కువ. గ్లాసు అంచున మరక కనిపిస్తే నీళ్ళు తాగను. ఎవరైనా తిన్న కంచంలోనే చెయ్యి కడిగితే నా ముద్ద గొంతు దిగదు. పెళ్ళయి వరంగల్ వచ్చిన కొత్తలో మా అత్త ఇది చూసి, "దొరసాని లెక్క చేస్తాంది" అని వాడంతా చెప్పుకొచ్చింది. అలాంటి నేను చివరికి వంటల షెడ్డులోనే ఉద్యోగానికి కుదిరాను. మా ఆయన పనిచేసే పవర్‌లూమ్ నెలలో సగం రోజులు మూసే ఉంటుంది. ఇంట్లోకి క్రమం తప్పకుండా వచ్చేది నా జీతం ఒక్కటే. అందుకని ముక్కు మూసుకుని చేశాను. మాటవరసకు అనడం లేదు, కొన్ని పూటలు నిజంగానే కొంగుతో ముక్కు మూసుకుని చేశాను.

మా షెడ్డు మడికొండలో ఐటీ పార్కుకు పోయే దారిలో ఉంటుంది. అక్కడ వండి, పెద్ద స్టీలు డబ్బాల్లో నింపి, ఉద్యోగాలు చేసే ఆడపిల్లల హాస్టల్‌కు వ్యాన్‌లో మధ్యాహ్నం భోజనం పంపుతాం. యజమానిని అందరం అన్న అంటాం. ఆయనది మా లాగే నేతపని చేసిన కుటుంబం. తండ్రి ఇచ్చిన పవర్‌లూమ్‌లు గిట్టుబాటు కాక అమ్మేసి, అదే షెడ్డులో పొయ్యిలు పెట్టాడు. మగ్గాలు పోయాయి గానీ వాటి దూది నూగు పోలేదు. అది పైన దూలాలకు పట్టుకుని, నూనె పొగ తాగి, నల్లటి జిడ్డు పోగులై వేలాడేది. ఫ్యాను వేస్తే పొయ్యి మీద వండే గంజుల్లో, ఆ పెద్ద గిన్నెల్లో రాలేది. పెద్ద గంటెతో దాన్ని ఏరి పారేసి, ఏమీ జరగనట్టు మళ్ళీ అదే గంటెతో కలిపేవాళ్ళు.

ఇక ఆ మసిగుడ్డ. అది ఒకప్పుడు ఏ రంగు బట్టో ఎవరికీ తెలియదు. దానితోనే పొయ్యి మీది గంజు దించేవాళ్ళు, గట్టు తుడిచేవాళ్ళు, చేతులు తుడుచుకునేవాళ్ళు, చివరికి కడిగిన డబ్బాల లోపల తడి కూడా తుడిచేవాళ్ళు. పిండితే వచ్చే నీళ్ళు చూసి నాకు రెండు పూటలు అన్నం సహించలేదు. పారేయమంటే, మా వంటమనిషి దాన్ని నా చేతిలోంచి లాక్కుంది. రఘునాథపల్లి వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే పెద్దామె ఆమె. "చెయ్యికి అలవాటైన బట్ట బిడ్డా, కొత్తది జారుతది" అంది.

ఆమెకు ఇంకో విద్య ఉంది. ముందురోజు పప్పు మిగిలి, పులిసి, పైన నురగ తేలితే పారబోయదు. ఇంత చింతపండు పిసికి పోసి, మళ్ళీ మరిగించి, ఎల్లిగడ్డతో ఇంకోసారి పోపు పెడుతుంది. చెడిపోయిన పులుపు చింతపండు పులుపులో కలిసిపోతుంది. ఎల్లిగడ్డ వాసన వీధి దాకా కొడుతుంది. తిన్నవాళ్ళు "పులుసు మంచిగుంది" అంటారు. ఆ పోపు కింద దాక్కున్న వాసన మాత్రం నా ముక్కుకు తెలిసిపోయేది. అన్నతో చెబితే నవ్వేవాడు.

"నీది పోలీసు కుక్క ముక్కు చెల్లె" అనేవాడు.

ఆయనకేం, నవ్వుతాడు. ఆయన భోజనం ఇంటి నుంచి స్టీలు క్యారియర్‌లో వచ్చేది. గల్లా వెనక కూర్చుని, మాకు వీపు పెట్టి తినేవాడు. "మీ వదిన ఒప్పుకోదు. నాకు కడుపుల మంట గద" అనేవాడు. అంత పెద్ద వంటశాల పెట్టుకుని, అందులో వండింది ఒక్క మెతుకు కూడా ఆయన నోట్లో పెట్టుకోగా నేను చూడలేదు.

కొన్నాళ్ళకు హాస్టల్ మేడం, షెడ్డులో ఫుడ్ సేఫ్టీ మేనేజర్‌గా సర్టిఫికెట్ ఉన్న మనిషి ఉండాలని, లేకపోతే ఆర్డరు వేరేవాళ్ళకు ఇస్తామని కచ్చితంగా చెప్పింది. ఇంటర్ దాకా చదివింది మా షెడ్డులో నేనొక్కదాన్నే. "జర పోయి కూసొని రా చెల్లె, ఏం ఫికర్ లేదు" అని అన్న నన్ను పంపాడు. నాకు నిజంగా సంబరమైంది. నా రోతకు ఇన్నాళ్ళకు ఒక విలువ వచ్చిందని, ఆ కాగితం వస్తే మసిగుడ్డ మీదా చింతపండు మీదా నా మాట చెల్లుతుందని అనుకున్నాను.

శిక్షణ హన్మకొండలో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. ముందురోజు అక్కడ పెళ్ళి జరిగినట్టుంది. కుర్చీలకు ఎండిన పెరుగు అంటుకుని ఉంది. నా కాళ్ళ దగ్గర నలిగిన విస్తరి, దాని మీద ఈగలు. హోటళ్ళవాళ్ళు, కర్రీ పాయింట్లవాళ్ళు, స్వీట్ షాపులవాళ్ళు హాలు నిండా కూర్చున్నారు. టై కట్టుకున్న శిక్షకుడు తెర మీద బొమ్మలు వేస్తూ చేతులు ఎలా కడుక్కోవాలో నేర్పించాడు. వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు, అన్నీ గాల్లోనే రుద్దించాడు. విరామంలో నిజంగా చేతులు కడుగుదామని పోతే, బాత్రూంలో నల్లా తిప్పితే గాలి వచ్చింది. సబ్బు పెట్టె మీద ఒక ముక్క ఉంది, దాని చుట్టూ ఎవరిదో పొడుగాటి వెంట్రుక చుట్టుకుని ఉంది. నేను బయటికి వచ్చి నా సీసాలో నీళ్ళతో కడుక్కున్నాను.

మధ్యాహ్నం భోజనం పెట్టారు. బగారా అన్నం, కోడికూర, పచ్చి పులుసు. పచ్చి పులుసు పోసే మనిషి బొటనవేలు బకెట్లో మునిగి ఉంది, ఆ వేలికి పాత కట్టు ఉంది. నా ముందున్న కర్రీ పాయింట్ ఆయన అది చూసి కూడా ఇంకో గరిటె పోయించుకున్నాడు. నేను ఖాళీ ప్లేటుతో వెనక్కి వచ్చి శిక్షకుడి కోసం చూశాను. ఆయన స్టేజీ వెనక, తెర చాటున, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పుకుని తింటున్నాడు.

"సార్, మీరు అక్కడ తినరా?" అని అడిగాను.

"బయట ఫుడ్ నాకు పడదు మేడం" అన్నాడు, ఏ మాత్రం తడబడకుండా.

ఒళ్ళు మండింది. సాయంత్రం పరీక్ష పెట్టారు. శిక్షకుడే మైకులో ప్రశ్న చదివి, "దీనికి బి అని పెట్టుకోండి, గట్టిగా మాట్లాడకండి" అంటూ జవాబులు కూడా చెప్పాడు. అందరం పాసయ్యాం. నా వెనక నిద్రపోయిన ఆయన కూడా పాసయ్యాడు.

అయినా ఆ రోజు విన్న రెండు మాటలు నా చెవిలో ఉండిపోయాయి. ఒకసారి కరిగిన మాంసాన్ని మళ్ళీ గడ్డ కట్టించి వండకూడదన్నది ఒకటి. రెండోది, చెడిపోయిన ప్రతిదీ వాసన రాదు, ముక్కును నమ్ముకోవద్దు అన్నది. రెండో మాట నాకు నచ్చలేదు. నా దగ్గర ఉన్నదే ఆ ముక్కు.

సర్టిఫికెట్ వచ్చింది. దాని మీద నా పాస్‌పోర్ట్ ఫోటోను పెద్దది చేయించి అతికించి, అన్న ఫ్రేమ్ కట్టించాడు. కాశిబుగ్గలో చనిపోయినవాళ్ళ ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణంలో కట్టించినట్టున్నాడు, బంగారు రంగు అంచు, పైన దండ వేయడానికి కొక్కెం కూడా ఉన్నాయి. గల్లా పైన, వచ్చినవాళ్ళకు ఎదురుగా కొట్టించాడు. హాస్టల్ మేడం వచ్చి ఫోటోను చూసింది, నన్ను చూసింది, తల ఊపి వెళ్ళిపోయింది. వంటింటి లోపలికి రాలేదు.

అన్న ఒక డిజిటల్ థర్మామీటరు కూడా కొన్నాడు. పప్పులోనో కూరలోనో గుచ్చి వేడి చూసే రకం. దాన్ని డబ్బాతో సహా గల్లాలో పెట్టి తాళం వేశాడు. అడిగితే, "కొత్త వస్తువు గద చెల్లె. దసరా వస్తాంది. పూజ చేసి తీద్దాం" అన్నాడు. మసిగుడ్డ సంగతి ఎత్తితే "చూద్దాం" అన్నాడు. చింతపండు సంగతి ఎత్తితే ఫోన్ తీశాడు. గోడ మీద నా ఫోటో మాత్రం మేనేజర్ హోదాలో అందరినీ చూస్తూ ఉండేది.

దసరాకు షెడ్డు మూశాం. ముందురోజూ పండుగ రోజూ సెలవు. సెలవుకు ముందు డీప్ ఫ్రీజర్ నిండా చికెన్ తెచ్చి పెట్టారు, పండుగ మర్నాడు హాస్టల్‌కు కోడికూర పంపాలని. డ్యూటీలు ఉండి ఇంటికి పోలేని పిల్లలు కొందరు హాస్టల్లోనే ఉండిపోయారు. వాళ్ళలో నర్సంపేట పిల్ల ఒకతి నాకు ఫోన్ చేసింది. "ఆంటీ, ఇంట్ల అందరు యాటకూర తింటాన్రు. మాకు తెల్లారన్నా మంచిగ చికెన్ పంపు" అంది. పంపిస్తానని మాటిచ్చాను.

పండుగ తెల్లారి పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే బంతిపూల వాసన కొట్టింది. పొయ్యిలకు పసుపు కుంకుమలు, గ్రైండరుకు దండ, తూకం మిషనుకు బొట్టు. గూట్లో అమ్మవారి పటం ముందు థర్మామీటరు పెట్టి ఉంది. డబ్బాలోంచి తీసి, గుచ్చే పుల్ల పొడవునా పసుపు రాసి, అంకెలు కనిపించే అద్దం మధ్యలో ఇంత కుంకుమ బొట్టు పెట్టారు. పక్కన కొబ్బరి చిప్ప. తల తిప్పి గల్లా పైకి చూస్తే, నా ఫోటోకు బంతిపూల దండ వేలాడుతోంది.

బతికున్నదాన్ని, తలుపు దగ్గర నిలబడి నా దండ నేనే చూసుకున్నాను. మొదట నవ్వొచ్చింది. తరవాత ఒళ్ళంతా ఏదో పాకినట్టయింది. దాన్ని తీయడానికి కుర్చీ కోసం చూస్తుంటే, దండ వేసి ఉన్న ఇంకో వస్తువు కనబడింది. అది ఫ్రీజరు. మూత మీద స్వస్తిక్, నాలుగు మూలలా బొట్లు.

మూత ఎత్తాను. సెలవుకు ముందు విడివిడిగా సర్దిన చికెన్ ప్యాకెట్లు ఒకదానికొకటి అతుక్కుని ఒకే బండ అయిపోయి ఉన్నాయి. అడుగున ఎర్రటి నీళ్ళు అద్దంలా గడ్డ కట్టాయి. ఆ ఎర్రటి మంచులో బంతి రేకులు ఇరుక్కుని ఉన్నాయి. ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మేమూ నేతవాళ్ళమే. ఆయుధ పూజ నాడు మా నాన్న మగ్గం ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఏడాదంతా కష్టపడ్డ పనిముట్టుకు ఆ ఒక్కరోజు విశ్రాంతి.

అంతలో అన్న వచ్చాడు.

"అన్నా, ఫ్రీజర్ బందు పెట్టినవా?"

"పెట్టిన. మొన్న పొద్దుగాల పూజ చేసి మెయినే బందు పెట్టిన. ఏడాదంత నడుస్తది, ఒక్క పండుగకన్న రెస్ట్ ఇయ్యద్దా?"

"మల్ల ఎప్పుడు ఏసినవ్?"

"నిన్న మాపటీలి, జమ్మి పెట్టి వచ్చినంక. చూడు, మల్ల మంచిగ గడ్డ కట్టింది."

ఆయన గొంతులో దొంగతనం ఏమీ లేదు. ఒక మంచి పని చేసి వచ్చినవాడి గొంతు అది. మగ్గం ఆగితే బట్ట కుళ్ళదు, ఫ్రీజరు ఆగితే మాంసం కుళ్ళుతుందని ఆ పెద్దమనిషికి తట్టనే లేదు. ఒకటిన్నర రోజు ఆ చికెన్ తన రక్తంలో తానే నాని, మళ్ళీ రాయిలా మారింది. శిక్షణలో ఆ టై కట్టుకున్నాయన చెప్పిన మాట అన్నకు చెప్పాను. వండొద్దన్నాను.

వంటామె ఒక ప్యాకెట్ పీకి నా మొహం ముందు పెట్టింది. "వాసన చూడు బిడ్డా. ఏమన్న ఉన్నదా?"

చూశాను. ఏమీ లేదు. రెండు పోపుల కింది పులుపును పట్టే నా ముక్కుకు ఏమీ తగల్లేదు. నాకు మొదటిసారి అప్పుడు భయం వేసింది. ఆ టై కట్టుకున్నాయన చెప్పిన రెండో మాట నిజమే.

"అల్లం ఎల్లిగడ్డ ఎక్కువేసి గట్టిగ ఉడకవెడ్త. అన్ని చస్తయి" అందామె.

"పురుగులు చస్తయి, అవి ఇడిసిన విషం చావదంట" అన్నాను.

అన్న మొహం మాడ్చుకున్నాడు. "గా టై కట్టుకున్నోడు చెప్పినయన్ని ఇంటె దుకాణం నడుస్తదా చెల్లె? పిల్లలు చికెన్ అడిగిండ్రు. పండుగ తెల్లారి పప్పు పెడితె ఆర్డర్ పోతది. నీళ్ళల్ల ఎయ్యుండ్రి" అని గల్లా దగ్గరికి పోయాడు.

ఆమె ఆ బండను పెద్ద టబ్బులో వేసి వేడినీళ్ళు పోసింది. కాసేపటికి నీళ్ళు ఎర్రబడ్డాయి. బంతి రేకులు పైకి తేలాయి. ఆమె మసిగుడ్డతో వాటిని ఒక పక్కకు తోసి, ఆ గుడ్డ అందులోనే పిండింది. కండలు తెల్లబారి, జిగటగా, వేలు పెడితే దిగబడేటట్టు ఉన్నాయి. నాకు నర్సంపేట పిల్ల గొంతు వినబడింది. మంచిగ చికెన్ పంపు అంది ఆ పిల్ల. ఇది పోయేది ఆమె కంచంలోకి. డోకు వచ్చి మోరి దగ్గరికి పరుగెత్తాను. మోరి పక్కన ఫినాయిల్ డబ్బా ఉంది.

ఆ డబ్బా పట్టుకొచ్చి టబ్బులో గుమ్మరించాను. ఎర్రటి నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి.

వంటామె కేకకు అన్న పరుగెత్తుకొచ్చాడు. "తినే దాని మీద ఫినాయిల్ పోస్తవా! అదీ పండుగ పూట! నీ కండ్లు పోతయి! రేపటి సంది నువ్వు రాకు, ఇగ నడువు!"

నడవమంటే నడుద్దామనే ఉంది. కానీ ఎలా నడవను? మా ఆయన మగ్గాల షెడ్డు ఆ నెల తెరవనే లేదు. ఇంటి కిరాయి, గ్యాసు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అన్న ఊపిరి పీల్చుకుని గల్లా పైకి చూశాడు. అక్కడ దండ వేసుకున్న నా ఫోటో ఉంది. దాన్ని చూడగానే ఆయన గొంతు దిగిపోయింది.

"రాకు అంటె… పనికి రాకు. ఇంట్ల ఉండు. జీతం నెల నెల పంపిస్త, ఒక్క రూపాయి తక్కువ చెయ్య. ఫోటో గీడనే ఉండనియ్యి. నాకు నీ ఫోటో ఉంటె చాలు."

అన్నేళ్ళలో ఆ షెడ్డులో చాలా చూశాను. పప్పులో దూది, బియ్యంలో ఎలుక పెంట, మసిగుడ్డ పిండిన నీళ్ళు. ఈ మాటంత రోత వాటిలో దేనికీ పుట్టలేదు. నా మొహాన్ని అడ్డం పెట్టుకుని ఈ టబ్బులోది రోజూ వండుతాడు. దాని వాటా నాకు జీతంగా వస్తుంది. అది నా ఇంట్లో అన్నమవుతుంది. చనిపోయినవాళ్ళ విషయంలోనే మనిషి అక్కర్లేకుండా ఫోటో ఉంటే చాలు.

కుర్చీ లాగి ఎక్కాను. దండ తెంపి కింద వేశాను. ఫ్రేమ్ తీసి చంకలో పెట్టుకున్నాను.

"అన్నా, బతికున్నదాని ఫోటోకు దండేసినవ్. ఇది ఉండాలంటె నేనుంట. నేను పోతె ఇది నా ఎంట వస్తది. పొయ్యేటప్పుడు హాస్టల్ మేడంకు జరిగిందంత చెప్పి పోత."

ఆ ఫోటో గోడ మీద లేకపోతే హాస్టల్ ఆర్డరు ఉండదని నాకంటే ఆయనకే బాగా తెలుసు. వంటామె మసిగుడ్డ పట్టుకుని మా ఇద్దరి మొహాలు చూస్తోంది. నేను ఆమె చేతిలోంచి ఆ గుడ్డ తీసుకుని టబ్బులో వేశాను.

"ఏం కావాల్నో చెప్పు" అన్నాడు చివరికి.

"థర్మామీటర్ నాకియ్యి. నేను వద్దన్నది వ్యాన్ ఎక్కద్దు. ఇంకోటి. రేపటి సంది వదిన క్యారియర్ పంపద్దు. వ్యాన్ కదిలే ముంగట నువ్వు గీడ కూసొని, పిల్లలకు పోయేదే తినాలె."

"నాకు కడుపుల మంట చెల్లె, నీకు తెల్వదా—"

"పిల్లలకు కూడ కడుపులున్నయి."

ఆ రోజు ఎదురు దుకాణంలో కోడిగుడ్లు తెచ్చి పులుసు పెట్టించి పంపాను. మధ్యాహ్నం నర్సంపేట పిల్ల ఫోన్ చేసింది. "ఏంది ఆంటీ, చికెన్ అంటివి, గుడ్లు పంపినవ్" అని అలిగింది. కోళ్ళు దొరకలేదమ్మా అన్నాను. సరే అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున గూట్లోంచి థర్మామీటరు తీశాను. పసుపు కడిగితే పోయింది. అద్దం అంచున దూరిన కుంకుమ పోలేదు, చింతపండుతో తోమినా పోలేదు. అట్లాగే శుభ్రమైన నీళ్ళలో ముంచి తీసి, ఉడుకుతున్న పప్పులో గుచ్చాను. వంటామె లెంపలు వేసుకుంది. ఎర్రటి మరక పక్కన అంకెలు పైకి పరుగెత్తాయి. డబ్బాలు నింపాం. వ్యాన్ వచ్చి ఆగింది.

అన్న గల్లా వెనక నుంచి లేచి వచ్చి, గోడ వారగా బల్ల మీద కూర్చున్నాడు. పెద్ద డబ్బాలోంచే తీసి అన్నం పెట్టాను, పప్పు పోశాను, బెండకాయ కూర వేశాను. డ్రైవరు ఇంజన్ ఆపకుండానే చూస్తున్నాడు. అన్న పప్పు కలిపాడు, ముద్ద చేశాడు, నోటి దాకా తెచ్చాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది. ముద్దను వాసన చూశాడు. తల ఎత్తి, ఎవరికీ వినబడకుండా నన్ను అడిగాడు.

"చెల్లె, పప్పు ఇయ్యాల్టిదేనా?"